జనవరి 1న పుట్టిన ఏడు వేల మంది

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న ఒక చిన్న సూక్ష్మరుణ సంస్థ ప్రాంతీయ కార్యాలయంలో నేను రికార్డుల పని చూస్తాను. 2012లో డేటా ఎంట్రీ ఆపరేటరుగా చేరినప్పుడు నెలకు అయిదు వేల అయిదు వందలు ఇచ్చేవారు. గజపతి, రాయగడ జిల్లాల్లోని ఆరు శాఖలూ, సరిహద్దు దాటి పాతపట్నం వైపున్న ఒక శాఖా మా కిందికి వస్తాయి. 2025 మార్చి నుంచి డిసెంబరు వరకు ఆ శాఖల రికార్డులను శుభ్రం చేసి, వాటిలో దేనికి ఎవరు బాధ్యులో రాసిపెట్టే పనిలో ఉన్నాను. ఇదే పని రేపు నెత్తిన పడబోయేవారికి ఏ నెలలో ఏమి ఎదురవుతుందో, ఎక్కడ చేతి డబ్బు ఖర్చవుతుందో, ఎక్కడ తల దించుకోవలసి వస్తుందో ముందుగా తెలిస్తే మంచిదని జరిగింది జరిగినట్లు రాస్తున్నాను.

మార్చి 17, సోమవారం నాడు కాశీనగర్ దగ్గరి ఒక ఊరి నుంచి ఒకామె బస్సెక్కి మా కార్యాలయానికి వచ్చింది. ఆమె పేరు ఇక్కడ రాయను. రాసినా ఎవరో పోల్చుకోలేరు, ఎందుకంటే మా పుస్తకాల్లో ఆ ఒక్క ఊళ్లోనే ఆ పేరు గలవారు పదకొండు మంది ఉన్నారు. వేసవిలో సంతల్లో జీడిపిక్కలు కొని పలాస వ్యాపారులకు అమ్ముకోవడం ఆమె బతుకు. ఏటా మార్చిలో రుణం తీసుకుని మరుసటి ఏడాదికల్లా కట్టేసేది. ఈసారి శాఖలో ఇవ్వమన్నారట. "మూడేళ్లయి ఒక్క కిస్తీ తప్పనేదమ్మా. ఇప్పుడేటి, నీకు అప్పెక్కువైపోనాదని అంతన్నారు. నానెవులికి అప్పున్నాను?" అని అడిగింది. కూర్చోమని, మంచినీళ్లిచ్చి, కంప్యూటరులో ఆమె ఖాతా తెరిచాను.

తెర మీద ఆమె పేరున రెండు రుణాలు కనిపించాయి. నెలకు 2,450 రూపాయల వాయిదా గలది ఆమెదే. నెలకు 5,100 వాయిదా గలది తనది కాదని ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేసింది. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నుంచి అమలు చేస్తున్న నియమం ప్రకారం, సూక్ష్మరుణం తీసుకునే కుటుంబం కట్టే వాయిదాలన్నీ కలిపి ఆ కుటుంబ నెలసరి ఆదాయంలో సగం దాటకూడదు. ఆమె ఇంటి ఆదాయం 14,000గా రాసి ఉంది, అంటే హద్దు 7,000. రెండు వాయిదాలూ కలిస్తే 7,550. కొత్త రుణం దాకా పోకుండానే లెక్క హద్దు దాటిపోయింది. యంత్రం కూడిక సరిగ్గానే చేసింది. కూడవలసిన మనుషులనే తప్పుగా ఎంచుకుంది.

ఈ మనుషుల్ని కలపడం ఫిబ్రవరిలో మొదలైంది. హెడ్డాఫీసువారు కొత్త విశ్లేషణ సాఫ్ట్‌వేరు తెప్పించి, ఏ శాఖ పని ఎలా ఉందో తెర మీద రంగుల్లో చూపించే డాష్‌బోర్డు పెట్టారు. రంగులు సరిగ్గా రావాలంటే ఒకే మనిషికి రెండు మూడు ఖాతాలు ఉండకూడదు కదా అని, పేరు, భర్త పేరు, పుట్టిన తేదీ, ఫోను, ఊరు పోల్చి నూటికి 85 మార్కులు దాటినవాటిని ఒకే మనిషిగా కలిపేసే పద్ధతి అందులో పెట్టారు. ఈమెకూ, అదే ఊళ్లోని మరొకామెకూ 92 మార్కులు పడ్డాయి. ఇద్దరి పేరూ ఒకటే, ఇద్దరి భర్తల పేర్లూ ఒకటే. ఇద్దరికీ ఇచ్చిన ఫోను నంబరు వాళ్ల గ్రూపు లీడరుది. ఇద్దరి పుట్టిన తేదీ 1978 జనవరి 1. ఆధార్ చివరి నాలుగు అంకెలతో పోలిస్తే వేరని తెలిసిపోయేదే గాని, రెండో ఆమె రికార్డులో ఆ గడి ఖాళీ. ఖాళీని సాఫ్ట్‌వేరు తేడాగా లెక్కపెట్టలేదు, దాన్ని వదిలేసి మిగిలిన గడులకే మార్కులు వేసింది.

పుట్టిన తేదీ ఎవరు ఎక్కించారో చూద్దామని కింద ఉన్న చిన్న అక్షరాలు చదివాను. 2013 ఆగస్టు నాటి ఎంట్రీ, పక్కన నా యూజర్ ఐడీ. రెండూ నేను ఎక్కించినవే. ఆ రోజుల్లో ఊళ్లలో చాలామంది ఆధార్ కార్డుల మీద పుట్టిన సంవత్సరం మాత్రమే ఉండేది. మా పాత సాఫ్ట్‌వేరేమో రోజూ నెలా నింపకపోతే ఫారాన్ని సేవ్ చేయనిచ్చేది కాదు. రోజుకు డెబ్భై ఫారాలు ఎక్కించాలి. జనవరి 1 అని కొట్టి ముందుకు పోయేవాళ్లం. అలా కొట్టమని ఎవరూ రాసి ఇవ్వలేదు, కొట్టవద్దని కూడా ఎవరూ చెప్పలేదు. ఎదురుగా కూర్చున్న ఆమెకు ఇది చెప్పాలా వద్దా అని ఒక నిమిషం తటపటాయించి, ఆ రోజుకు చెప్పలేకపోయాను. ఫిర్యాదు రాయించుకుని, తేదీ వేసిన రసీదు చేతికిచ్చి పంపించాను. ఆ రసీదు ఇవ్వడం ఒక్కటే ఆ రోజు నేను చేసిన మంచి పని.

తప్పును కనుక్కోవడానికి ఒక పూట సరిపోయింది గాని, దిద్దడానికి ముప్ఫై అయిదు రోజులు పట్టింది. కలిపేసిన ఖాతాలను విడదీసే అధికారం ఎవరిదో ఎక్కడా రాసి లేదు. శాఖ మేనేజరు ప్రాంతీయ కార్యాలయం చూడాలన్నారు, మా సారు ఐటీ విభాగం చూడాలన్నారు, ఐటీవారు సాఫ్ట్‌వేరు అమ్మిన కంపెనీకి ఫిర్యాదు టికెట్టు వేశారు, ఆ కంపెనీవారు డేటా యజమాని రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప ముట్టుకోమన్నారు. వాళ్లన్నది న్యాయమే. ఆ యజమాని ఎవరన్న ప్రశ్న మీదనే పదకొండు రోజులు ఉత్తరాలు నడిచాయి. వినియోగదారుల వివరాలకు యజమాని శాఖా, రుణ విభాగమా, కేవైసీ, అంటే గుర్తింపు కాగితాలు, చూసేవారా, మాలాంటి రికార్డులవాళ్లమా అన్నది పదమూడేళ్లలో ఎవరికీ అవసరం పడలేదు. చివరికి రుణ విభాగాధిపతి తన పేరు మీద సంతకం పెట్టారు. అది కూడా ఈ ఒక్క కేసుకు మాత్రమేనని కింద రాసి మరీ పెట్టారు.

ఈలోగా తప్పు మా గోడలు దాటి బయటికి వెళ్లిపోయింది. 2025 జనవరి 1 నుంచి రుణ వివరాలను పదిహేను రోజులకొకసారి, ఎవరికెంత అప్పుందో నమోదు చేసే క్రెడిట్ బ్యూరోలకు పంపాలి. ఫిబ్రవరి చివరి ఫైలూ, మార్చి మధ్య ఫైలూ ఈ కలిసిపోయిన రికార్డుతోనే వెళ్లాయి. ఫిర్యాదు అందిన 21 రోజుల్లో మేము దిద్దిన వివరం బ్యూరోకు పంపాలి. మొత్తం 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే ఆ తరువాత ప్రతి రోజుకూ వంద రూపాయలు ఫిర్యాదుదారుకు చెల్లించాలి. మాకు ఏప్రిల్ 7 గడువు. మేము పంపింది ఏప్రిల్ 14న. బ్యూరోలో దిద్దుబాటు ఏప్రిల్ 21న కనిపించింది. అయిదు రోజులు మించినందుకు అయిదు వందల రూపాయలు ఆమె బ్యాంకు ఖాతాలో పడ్డాయి. రుణం మే 6న అందింది. అప్పటికి జీడిపిక్కల అదను చాలావరకు దాటిపోయింది. మధ్యలో ఆమె నూటికి నెలకు అయిదు రూపాయల వడ్డీకి ఇరవై వేలు తెచ్చుకుంది. రెండు నెలలకు రెండు వేలు వడ్డీ కట్టింది. అయిదు వందలు వచ్చాయని ఫోను చేసి చెబితే, "ఎందుకమ్మా ఇవి?" అని అడిగింది. వివరించడం నాకు చేతకాలేదు.

ఇద్దరూ వేర్వేరు మనుషులని నిరూపించడం మరో కథ. కంప్యూటరులో ఉన్నదే అబద్ధమైనప్పుడు దానితో దేన్నీ నిరూపించలేము. 2013 నాటి కాగితపు దరఖాస్తులు కావాలి. అవి వెనక గదిలో గోనె సంచుల్లో ఉన్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఆ గదిలో మోకాటి లోతు నీళ్లు నిలిచాయి. కాగితాలను మేడ మీద ఆరబెట్టి మళ్లీ సంచుల్లో కుక్కాము. ఒకదానికొకటి అతుక్కున్న ఆ అట్టలను పాత స్కేలుతో విడదీస్తూ, చెదలు దులుపుతూ, ముక్కుకు చున్నీ కట్టుకుని మూడు రోజులు వెతికాను. మూడో రోజు మధ్యాహ్నం రెండూ దొరికాయి. ఒకదాని మీద వేలిముద్ర, రెండోదాని మీద ఒడియాలో సంతకం. ఒరిస్సా అని ముద్రించి ఉన్న పాత ఓటరు కార్డుల నకళ్లు వెనక పిన్ను చేసి ఉన్నాయి. ఇంటి నంబర్లు వేరు, మామగార్ల పేర్లు వేరు. కళ్లు మండి ఒక్క పది నిమిషాలు అక్కడే ఆ సంచుల మీద కూర్చుండిపోయాను.

మే 5న హెడ్డాఫీసువారు వీడియో సమావేశం పెట్టి, సమాచార నిర్వహణకు ఒక సంఘం వేస్తున్నామని, ప్రతి ప్రాంతానికీ రికార్డుల బాగోగులు చూసే ఒక డేటా స్టూవార్డ్ ఉంటారని ప్రకటించారు. మా ప్రాంతానికి నా పేరు చదివారు. జీతం సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఆ సమావేశంలోనే ఆడిటరుగారు 2023 నాటి వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోని ఎనిమిదో సెక్షనును చదివి వినిపించారు: ఒక మనిషి మీద ప్రభావం చూపే నిర్ణయానికి వాడే వివరాలు, మరొక సంస్థకు ఇచ్చే వివరాలు పూర్తిగా, ఖచ్చితంగా, పరస్పరం పొసగేలా ఉండాలన్నది దాని సారాంశం. అప్పటికి ఆ సెక్షను అమల్లోకి రాలేదు. అయినా మా పనికి హద్దు గీసింది అదే. మా డేటాబేసులో 140 కాలమ్‌లు ఉన్నాయి. అన్నీ శుభ్రం చేయాలని కూర్చుంటే నా ఉద్యోగ విరమణ నాటికి కూడా తెమలదు. రుణం ఇవ్వాలా వద్దా అని తేల్చేవి, బ్యూరోకు వెళ్లేవి మాత్రం ఏరితే 23 తేలాయి. మిగతావాటి జోలికి పోకూడదని రాసుకున్నాము. ఈ వదిలేయడం నేర్చుకోవడమే నాకు అన్నిటికంటే కష్టమైంది.

ఆ 23 కాలమ్‌లను ఎక్సెల్‌లోకి తీసుకుని ఒక్కొక్కదానిలో ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడానికి తొమ్మిది రోజులు పట్టింది. పెద్ద సాఫ్ట్‌వేరేమీ అక్కరలేదు. ఒక్కో విలువనూ గుంపు చేసి లెక్క చూపే పివట్ టేబుల్ వేయడం వస్తే చాలు. మా ప్రాంతంలోని 18,412 మంది రుణగ్రహీతల్లో 7,106 మంది జనవరి 1న పుట్టారు. ఒకే ఫోను నంబరు 37 మంది స్త్రీల ఖాతాల్లో కనిపిస్తే ఎవరిదా అని డయల్ చేశాను. పక్క గదిలో మోగింది. మా ఫీల్డ్ ఆఫీసరు, ఫోను లేనివాళ్ల గడిలో పాపం తన నంబరు నింపుకుంటూ పోయాడు. అతణ్ని ఏమనాలో తెలియలేదు, ఎందుకంటే ఫోను గడిని తప్పనిసరి చేసినది పైవాళ్లు. పుట్టిన తేదీ గడి విషయంలో నేను చేసినదీ అదే. తప్పనిసరి అని ఎర్ర చుక్క పెట్టిన ప్రతి గడిలోనూ ఇలాంటి కల్పన ఒకటి దాగి ఉందని ఆ తొమ్మిది రోజుల్లో తెలిసింది. ఖాళీగా ఉన్న గడులే నయం, కనీసం అవి బొంకవు.

పేర్ల దగ్గర మా సరిహద్దు కష్టాలు వేరు. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఒడియావాళ్లకు చివర వస్తుంది. ఫారంలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు ఉంటే ఎవరికి తోచినట్లు వారు నింపారు. ఒడియాలో రాసిన కాగితం నుంచి ఇంగ్లీషులోకి ఎక్కించేటప్పుడు పార్వతి పార్బతి అయింది, వెంకటమ్మ భెంకటమ్మ అయింది. సవరల ఇంటిపేరు సవర, సబర, సబరో, సవుర అని నాలుగు రకాలుగా దొరికింది. అలా ఒక్క మనిషే పార్వతి, పార్బతి, పార్వతమ్మ అని మూడు శాఖల్లో ముగ్గురుగా ఉన్న కేసులూ బయటపడ్డాయి. ఆ ముగ్గురికీ కలిపి ఇచ్చిన అప్పు నిజంగానే హద్దు దాటి ఉంది, యంత్రం దాన్ని పట్టుకోలేదు. జీడిపిక్కలామెను పట్టుకున్న యంత్రం ఈమెను వదిలేసింది.

దీని మీద హెడ్డాఫీసులోని విశ్లేషణ విభాగం కుర్రవాడితో జులైలో నాకు పెద్ద వాదన జరిగింది. విశాఖలో చదువుకున్న పిల్లవాడు, మర్యాదస్తుడు, మేడమ్ అనే పిలుస్తాడు. 85 హద్దును 95 చేసేస్తే మీ సమస్య తీరిపోతుంది మేడమ్ అన్నాడు. అప్పుడు ముగ్గురు పార్వతులు ముగ్గురుగానే మిగిలిపోతారని నేను. తేల్చుకోవడానికి, యంత్రం ఒకటేనన్న జంటల్లోంచి 200 జంటలను చీటీ వేసినట్లు తీసి, ఊరూరా అడిగించాము. 143 జంటలు నిజంగా ఒకే మనిషి, 41 జంటలు వేర్వేరు మనుషులు, 16 తేలలేదు. ఆ నలభై ఒకటిని చూసి అతను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అతనే ప్రతిపాదించాడు: యంత్రం సూచించాలి గాని కలపకూడదు, కలపడానికి శాఖలో ఒకరు, ప్రాంతీయ కార్యాలయంలో ఒకరు, ఇద్దరి ఆమోదం ఉండాలి, కలిపినదాన్ని విడదీసే మీట కూడా ఉండాలి, ఎవరు ఎప్పుడు ఎందుకు నొక్కారో నమోదు కావాలి, ఖాళీ గడి ఉంటే మార్కులు తగ్గాలి. ఆ మార్పు వచ్చేసరికి సెప్టెంబరు 22 అయింది. కంపెనీవాళ్లు ఆ మీటకు విడిగా డబ్బు తీసుకున్నారు. ఎంతో నాకు చెప్పలేదు.

తప్పుడు వివరాలను మనుషుల్నే అడిగి దిద్దుకోవడానికి జూన్ నుంచి ఆగస్టు వరకు ఊళ్లు తిరిగాము. ముందు అనుకున్నది ఆరు వారాలు. జూన్ 27న రథయాత్ర, ఆ వారమంతా ఎవరూ ఊళ్లలో దొరకలేదు. ఆ వెనకే వానలు, వరినాట్లు. గుమ్మ వైపు కొండ ఊళ్లకు రెండు సార్లు వెళ్లి వాగు దగ్గర వెనుతిరిగాము. దొరికినవాళ్లు కూడా మమ్మల్ని చూసి వసూలుకు వచ్చారనుకుని తలుపులు వేసుకున్నారు, లేదా ఒడిశా ప్రభుత్వం స్త్రీలకు డబ్బిచ్చే సుభద్ర పథకంవాళ్లమనుకుని ఆధార్ పట్టుకుని వరుసలో నిలబడ్డారు. ఆ రెండో అపోహే ప్రమాదకరమైనది. సుభద్ర డబ్బు 21 నుంచి 60 ఏళ్ల లోపు స్త్రీలకే వస్తుంది కనుక, యాభై ఎనిమిది దగ్గర పడ్డవాళ్లు వయసు అడిగితే గతుక్కుమనేవారు. ఒకామె నా చేతిలోని కాగితం లాక్కుని, "తల్లీ, నీ పుస్తకంలో నా వయసు రాసి నా పదివేలు పోగొట్టకు" అంది. మేము రాసుకున్నది ప్రభుత్వానికి వెళ్లదని, ఎవరెవరికి వెళుతుందో, ఎందుకు వెళుతుందో ముందుగా చెప్పి, ఆ తరువాతే వయసు అడగాలని అప్పుడు నియమం పెట్టుకున్నాము. ఆ చెప్పవలసినది తెలుగులో, ఒడియాలో అచ్చు వేయించాము. సవర మాట్లాడేవారికి గ్రూపులోని ఒక అమ్మాయి చేత చదివించి చెప్పించాము. అచ్చులో లేనిది నోటితో తప్పదు.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. ఆ మూడు నెలల్లో జెరాక్సులకు, పెట్రోలుకు, వాగు దాటించిన ఆటోకు నా చేతి నుంచి 3,760 రూపాయలు అయ్యాయి. అక్టోబరులో 2,900 తిరిగి వచ్చాయి. మిగిలినవాటికి బిల్లు లేదన్నారు. కొండ మీద జెరాక్సు తీసే కుర్రాడు బిల్లు ఎక్కడిస్తాడు? ఆధార్‌లో పుట్టిన తేదీ దిద్దించుకోవాలనుకున్నవారికి అప్పట్లో రుసుము యాభై రూపాయలు, కాని సెంటరులో రోజంతా నిలబడితే పోయే కూలి దానికి ఎన్నో రెట్లు. పైగా ఆధార్‌లో పుట్టిన తేదీని ఒక్కసారే మార్చనిస్తారు. అందుకని మా రికార్డు కోసం ఆధార్ మార్పించుకోమని ఎవరికీ చెప్పవద్దని నిర్ణయించాము. మా తప్పుకు వాళ్ల ఒకే ఒక్క అవకాశాన్ని ఖర్చు పెట్టించడం అన్యాయం.

డాష్‌బోర్డులో ఎర్రగా వెలిగిన ఒక శాఖ సంగతి ఆగస్టులో తేలింది. గుణుపురం వైపు శాఖ అది. అక్కడ వసూళ్లు ఆలస్యమని నెలల తరబడి ఎరుపు చూపించింది, మేనేజరుకు రెండు నెలల ప్రోత్సాహకం 3,200 రూపాయలు కోసేశారు. తీరా చూస్తే శనివారం కొండ ఊళ్లలో వసూలు చేసిన డబ్బును సిగ్నలు లేక సోమవారం ఎక్కించేవారు. యంత్రం ఎక్కించిన తేదీనే కట్టిన తేదీ అనుకునేది. ఇప్పుడు రెండు తేదీలకూ రెండు గడులు. ఆ 3,200 పేచీ మాత్రం ఇంకా నడుస్తోంది.

జిల్లాల కోడ్‌ల దగ్గర నేనే మరో తప్పు చేయబోయాను. పాతపట్నం శాఖ కింద భామిని వైపు కొన్ని ఊళ్లున్నాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రలో జిల్లాలు విడదీసినప్పుడు అవి శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయాయి. పాత కోడ్ చెరిపి కొత్తది వేసేయమన్నారు. వేస్తే పదేళ్ల నాటి రుణాలు కూడా అప్పటికి లేని జిల్లాలో ఇచ్చినట్లు కనిపిస్తాయి. వేయకపోతే ఈ ఏటి లెక్క తప్పుతుంది. పాత కోడ్ ఏ తేదీ వరకు, కొత్త కోడ్ ఏ తేదీ నుంచి అని రెండూ ఉంచుకున్నాము. మా నాన్నగారి పట్టాలో పర్లాకిమిడి గంజాం జిల్లాలోనే ఉంది, గజపతి జిల్లా 1992లో గాని పుట్టలేదు. ఇంట్లో ఆ కాగితం లేకపోతే నాకీ ఆలోచన తట్టేది కాదు.

అక్టోబరుకు ఆ 23 కాలమ్‌లకూ ఒక రిజిస్టరు తయారైంది. ఏ గడిని ఎవరు నింపాలి, ఏ కాగితం చూసి నింపాలి, ఎవరు మార్చవచ్చు, ఏ నిర్ణయంలో వాడతారు, ఎన్నాళ్లు ఉంచాలి, పేచీ వస్తే సంతకం ఎవరిది అన్నవి దాని వరుసలు. చెప్పుకోవడానికి నలభై పేజీలు గాని, దాని ప్రాణమంతా ఆ చివరి వరుసలోనే ఉంది. ఇప్పుడు మార్చి 17 మళ్లీ వస్తే సంతకం కోసం పదకొండు రోజులు పట్టదు. అంతకుముందు మా శాఖల్లో అందరూ ఒకే పాస్‌వర్డు వాడేవారు, అది గోడ మీది క్యాలెండరు మీద పెన్సిలుతో రాసి ఉండేది. దాన్ని తీయించడానికి మూడు సర్క్యులర్లు పట్టాయి.

నవంబరులో ఆ డేటా పరిరక్షణ చట్టం కింద నియమావళి వెలువడింది. చాలా అంశాలకు పద్ధెనిమిది నెలల గడువు ఇచ్చారు. అదే నెలలో వెనక గది సంచుల పని కూడా పట్టుకున్నాము. ఖాతా మూసిన తరువాత అయిదేళ్ల వరకు కేవైసీ కాగితాలు ఉంచాలి. ఆ గడువు ఎప్పుడో దాటినవారి కాగితాలు తొమ్మిది సంచులు తేలాయి. ముక్కలు చేయించే ముందు జాబితా రాసి, ఇద్దరు సంతకం చేసి, ఖాతా ఇంకా నడుస్తున్నవారివి ఒక్కటీ అందులో లేదని రెండుసార్లు సరిచూశాము. జీడిపిక్కలామె కాగితం అలా పొరపాటున పోయి ఉంటే ఏమయ్యేదన్న భయం నన్ను వదలలేదు. 2012 నాటి నా దస్తూరి ముక్కలై రాలుతుంటే చూడలేక బయటికి వచ్చేశాను.

డిసెంబరు 9న జీడిపిక్కలామె ఊరికి మళ్లీ వెళ్లాను. ఆమె రికార్డు ఒక్కటి మిగిలిపోయింది; నేనే చేయాలని పక్కన పెట్టుకున్నాను. వాకిట్లో చాప వేసింది. 2013లో ఆ తేదీ కొట్టింది నేనేనని అప్పుడు చెప్పాను. ఆమె కొంచెంసేపు నన్ను చూసి, టీ పెట్టడానికి లోపలికి పోయింది. తిరిగి వచ్చాక ఏ నెలలో పుట్టావప్పా అని అడిగితే, సోళ్లు కోసే రోజుల్లో పుట్టానని వాళ్లమ్మ చెప్పేదంది. ఏ ఏడాదో ఆధార్‌లో ఉన్నదే. కొత్త ఫారంలో రోజు, నెల గడుల పక్కన తెలియదు అని పెట్టడానికి వీలుంది. అది నొక్కి, 1978 మాత్రం ఉంచాను.

"మరి నా పుట్టినరోజు ఎప్పుడని రాసినావు?" అని తొంగి చూసింది.

"రాయలేదప్పా, ఖాళీగా ఉంచాను."

"అదే మంచిది" అని టీ గ్లాసు నా చేతికిచ్చింది.